మా పిల్లలకు తెలుగు కథలు కావాలి, కన్నడ అక్షరాల్లో

తెలుగులో పిల్లల కోసం కథలు రాసేవారికి, బొమ్మలు వేసేవారికి, వాటిని పుస్తకాలుగా అచ్చువేసే ప్రచురణకర్తలకు ఈ ఉత్తరం.

నేను పావగడ తాలూకాలో ఒక ప్రభుత్వ కిరియ ప్రాథమిక శాలలో టీచర్ని. ఒకటి నుంచి ఐదు దాకా ఉండే చిన్న బడి. మాధ్యమం కన్నడం. కన్నడంలో చదివి, కన్నడంలో పరీక్ష రాసి, కన్నడం నేర్పేకి ప్రభుత్వం దగ్గర జీతం తీసుకుంటున్న దాన్ని. ఇంటికిపోతే మాట్లాడేది తెలుగు. నా క్లాసులో ఎక్కువమంది పిల్లల సంగతీ ఇంతే. ఏటా బడి తెరిచిన కొత్తలో తల్లిదండ్రులను పిలిచి, నేనెవరో, ఈ ఏడు నాలుగు, ఐదు తరగతుల పిల్లల చేత పాఠ్యపుస్తకం కాక ఇంకేం చదివించబోతున్నానో చెప్పుకోవడం నాకు అలవాటు. ఈసారి అదే మీకూ చెప్పాలనిపించింది. ఆ జాబితాలో ఒక జాగా ఖాళీగా ఉంది. దాన్ని నింపే పని మా ఊరి తల్లిదండ్రుల చేతిలో లేదు, మీ చేతిలో ఉంది.

ముందు మా తాలూకా గురించి రెండు మాటలు. పావగడ పేరు చెబితే మీలో చాలామందికి శనిమహాత్ముడి గుడి గుర్తొస్తుంది. శనివారాలు, శ్రావణమాసం వస్తే ఆంధ్ర నుంచి వచ్చే జనంతో ఊరు కిక్కిరిసిపోతుంది. మాకు మూడు పక్కలా ఆంధ్రప్రదేశే. జిల్లా కేంద్రం తుమకూరు, కానీ మాకు దగ్గరున్నవి మడకశిర, హిందూపురం. పాత కాలంలో మాది మైసూరు సంస్థానం, మడకశిర వాళ్ళది మద్రాసు ప్రెసిడెన్సీ. గీత ఎవరు గీసినా పెళ్ళి సంబంధాలు, సంతలు, జాతరలు ఆ గీతను పట్టించుకోలేదు. 2011 జనాభా లెక్కల్లో కర్ణాటకలో తెలుగు తల్లిభాష అని చెప్పినవారు 35 లక్షలకు పైనే. రాష్ట్రంలో ప్రతి నూరుమందిలో దాదాపు ఆరుగురు. బెంగళూరు, బళ్ళారి, కోలారు అనగానే తెలుగు పత్రికలకు ఈ లెక్క గుర్తొస్తుంది గానీ, పావగడ పల్లెల్లో చెనక్కాయ చేను గట్టున తెలుగులో అరుచుకునే పిల్లలు కూడా ఆ లెక్కలోని వాళ్ళేనని ఎవరికీ తోచదు.

మా ఊళ్ళలో బతుకు వానమీద. చెనక్కాయ, రాగి, కంది. బోరు నీళ్ళలో ఫ్లోరైడు. కొందరు పిల్లలు నవ్వితే పళ్ళమీద గోధుమరంగు గారలు కనిపిస్తాయి. తిరుమణి పక్క 13,000 ఎకరాల్లో సోలార్ పార్కు పెట్టినారు. 2019 చివరికల్లా 2,050 మెగావాట్లకు చేరింది. భూమి ఉన్న రైతుకు ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలతో మొదలుపెట్టి కౌలు వస్తోంది. భూమి లేని కూలీకి ఆ చేలలో ఉండిన పని పోయింది. అట్లాంటి ఇళ్ళ పిల్లలు నడి ఏడాదిలో బెంగళూరుకు పోతారు, ఉగాదికి తిరిగొస్తారు. హాజరుపట్టీలో వాళ్ళ పేర్లు తీసేయకుండా పెట్టుకోవడం ఎట్లాగో మాలాంటి టీచర్లకు బాగా తెలుసు.

ఇప్పుడు చదువు సంగతి. కర్ణాటక ప్రభుత్వ బడుల్లో ఒకటి నుంచి మూడు తరగతుల దాకా నలి-కలి పద్ధతి నడుస్తుంది. మూడు తరగతుల పిల్లలూ ఒకే గదిలో గుంపులు గుంపులుగా కూర్చుని, కార్డులు తీసుకుని, ఎవరి వేగంతో వాళ్ళు మెట్లెక్కినట్టు నేర్చుకుంటారు. ఇది ఎక్కడినుంచి వచ్చిందో తెలుసునా? 1995 ప్రాంతంలో మైసూరు జిల్లా హెచ్.డి. కోటె తాలూకా టీచర్లు కొందరు మదనపల్లె దగ్గర రిషివ్యాలీకి పోయి, అక్కడి పల్లెబడుల్లో పద్మనాభరావు, రమ దంపతులు తయారుచేసిన తెలుగు కార్డులను చూసి వచ్చినారు. వాటి దారిలోనే కన్నడ కార్డులు పుట్టినాయి. 2009 నుంచి అది రాష్ట్రమంతా పరుచుకుంది. రాయలసీమ పల్లెపిల్లలకు తెలుగు నేర్పేకి పుట్టిన పద్ధతి మైసూరు దాకా పోయి, కన్నడం నేర్చుకుని, తిరిగి రాయలసీమ గట్టునే ఉన్న మా తెలుగు పిల్లలకు కన్నడం నేర్పుతోంది. మా క్లస్టర్ మీటింగుల్లో ఈ మాట చెబితే సాటి టీచర్లు నవ్వుతారు, కానీ నాకిది నవ్వులాట కాదు. మంచి పద్ధతి భాషల హద్దు దాటినప్పుడు, మంచి కథ ఎందుకు దాటదు అన్నదే ఈ ఉత్తరం.

నలి-కలిలో అక్షరాలను అ, ఆ, ఇ, ఈ వరసలో నేర్పరు. మొదట వచ్చేవి ర, గ, స, ద, అ. రాయడానికి తేలిక, వీటితో చిన్న మాటలు వెంటనే కట్టుకోవచ్చు. కన్నడ లిపి తెలిసిన తెలుగువారు ఒకసారి ఆ ఐదింటినీ మనసులో గీసి చూడండి. ఐదూ మన తెలుగు అక్షరాలకు అక్కచెల్లెళ్ళే. తలకట్టు ఒక్కటి కన్నడంలో అడ్డంగా పోతుంది, తెలుగులో టిక్కులా లేస్తుంది. క, త, శ లాంటి కొన్ని చోట్ల మాత్రం పిల్ల తడబడుతుంది. మా పావగడ బస్టాండులో కర్ణాటక బస్సులు కన్నడ బోర్డుతో, ఆంధ్ర బస్సులు తెలుగు బోర్డుతో పక్కపక్కనే నిలబడి ఉంటాయి. ఏటా నా మొదటి చదువు అక్కడే. నాలుగో తరగతి పిల్లలకు 'బస్టాండుకు పోయినప్పుడు ఆంధ్ర బస్సు బోర్డులు చూసి మీకు తెలిసిన అక్షరాలన్నీ ఏరుకు రండి' అని చెప్తాను. సగం అక్షరాలు ఎవరూ నేర్పకుండానే చదువుతారు. మిగతా సగం ఊహిస్తారు. పావగడ-హిందూపురం-పెనుకొండ అని రాసి ఉంటే ఊరిపేరు ఎటూ తెలుసు కాబట్టి తెలియని అక్షరాన్ని ఊరే నేర్పుతుంది.

ఇంత సులువున్న చోట ఇబ్బంది ఏమిటి అంటారా? మా పిల్లల్లో నాలుగో తరగతికి వచ్చేసరికి కన్నడ పాఠం గడగడ చదివేవాళ్ళు ఉంటారు. చదవడం అయ్యాక 'ఈ పాఠంలో ఏమైంది?' అని కన్నడంలో అడిగితే తల దించుకుంటారు. అదే ప్రశ్న తెలుగులో అడిగితే కథంతా చెప్తారు, దాంతోపాటు పక్కింటి కథ కూడా చెప్తారు. గొంతు చేసే పని ఒక భాషలో జరుగుతోంది, బుర్ర చేసే పని ఇంకో భాషలో జరుగుతోంది. బళ్ళో మాట్లాడే కన్నడం పరీక్ష కన్నడం, ఇంట్లో మాట్లాడే తెలుగుకు అక్షరం లేదు. ఆ తెలుగులో పిల్ల ఒక్క వాక్యం కూడా కాగితంమీద చూసి ఉండదు. ఈ మధ్యలో తల్లిదండ్రులు వచ్చి 'ఇంగ్లీషు ఎప్పుడు మొదలుపెడతారు మేడమ్' అంటారు. ఒకటో తరగతి నుంచే ఇంగ్లీషు ఉందని చెప్తే 'అది కాదు, మాట్లాడేది' అంటారు. వాళ్ళ మాటలో తప్పేం లేదు. అక్షరం అంటే మాట్లాడే మాటకు రూపం అన్న సంగతి తన మాటలోనే ఒకసారి తెలిసిన పిల్లకు, తర్వాత ఏ భాషైనా లొంగుతుంది. మా పిల్లలకు ఆ ఒక్కసారే జరగలేదు.

అందుకే నా ఏడాది జాబితాను రెండు భాషల్లోనూ ఉన్న కథలతో కట్టుకుంటాను. వినండి.

మొదటిది పుణ్యకోటి. కన్నడ దేశంలో ఈ 'గోవిన హాడు' వినని పిల్ల ఉండదు. అడవిలో పులికి చిక్కిన ఆవు, దూడకు పాలిచ్చి తిరిగొస్తానని మాటిచ్చి, వచ్చే కథ. నేను కన్నడంలో పాడి మొదలుపెడతాను. సగంలోనే ఎవరో ఒకరు 'టీచర్, ఇది మా అవ్వ చెప్పే కత' అని లేస్తారు. అప్పుడు అవ్వలను బడికి పిలుస్తాను. అవ్వలకు సంకోచం, బళ్ళో తెలుగు మాట్లాడవచ్చునా అని. కూర్చోబెట్టి ఒక లోటా మజ్జిగ ఇస్తే మొదలుపెడతారు, ఇంక ఆపరు. మా అవ్వల కథలో పులి మనసు కరిగి ఆవును ఇంటికి పంపేస్తుంది. కన్నడ పాటలో పులి సిగ్గుపడి ప్రాణం విడుస్తుంది. ఇక క్లాసులో తగువు. ఏ పులి మంచిది? చచ్చిపోయిన పులా, బతికి బుద్ధి తెచ్చుకున్న పులా? చచ్చిపోతే అడవిలో ఇంకో పులి వస్తుంది కదా అన్నాడు ఒక పిల్లోడు. ఈ తగువు తెలుగులో మొదలై, నేను కన్నడంలో జవాబిస్తూ పోతే, కన్నడంలోకి జరుగుతుంది. ఆవేశం వచ్చినప్పుడు పిల్లలకు ఏ భాషలో మాట్లాడుతున్నామన్న ధ్యాస ఉండదు, నాకు కావాల్సింది సరిగ్గా అదే. ఈ కథ తెలుగులో కావ్యం కూడా అయింది. పదిహేనో శతాబ్దంలో అనంతామాత్యుడు భోజరాజీయంలో గోవ్యాఘ్ర సంవాదంగా చెప్పినాడు. అవ్వలకు ఆ సంగతి చెబితే 'ఆయప్పకు ఎవరు చెప్పినారో' అంటారు. మంచి ప్రశ్న.

రెండోది కువెంపు 'బొమ్మనహళ్ళియ కిందరిజోగి'. జర్మనీలో హామెలిన్ ఊరి పాత కథను రాబర్ట్ బ్రౌనింగ్ 1842లో ఇంగ్లీషు పద్యం చేస్తే, కువెంపు దాన్ని కన్నడ పల్లెకు తెచ్చి, ఎలుకలను బొమ్మనహళ్ళిలో పరుగెత్తించినారు. పిల్లలకు ఎలుకల వరస వచ్చిన చోట ఊపిరాడదు. ఎలుకలను తోలిన జోగికి కూలి ఎగ్గొట్టిన గౌడ దగ్గరకు వచ్చేసరికి మాత్రం గదిలో నవ్వు ఆగిపోతుంది. చేసిన పనికి డబ్బు రాకపోవడమంటే ఏమిటో మా పిల్లలకు పద్యం చదివి తెలుసుకోవాల్సిన పని లేదు. ఇది పాడుకునే కథ కాబట్టి చదవడం రాని వాడు కూడా నోటికి పట్టుకుంటాడు, పట్టుకున్నాక పుస్తకంలో ఆ మాట ఎక్కడుందో వెతుక్కుంటాడు. దీన్ని తెలుగులో చెప్పే బాధ్యత పిల్లలకే ఇస్తాను. మా తెలుగు కిందరిజోగి ఒక్కో గుంపులో ఒక్కో రకంగా ఉంటాడు, ఒక గుంపులో వాడు శనిమహాత్ముడి గుడి ముందు నాదస్వరం ఊదేవాడు.

శుక్రవారాలు వేమన, సర్వజ్ఞుడు. ఒకరిది ఆటవెలది, ఒకరిది త్రిపది. వేమన సమాధి ఉన్న కటారుపల్లె కదిరి దగ్గర, మాకు పరాయి చోటేం కాదు. ఇద్దరూ ఊరి మనుషులనే తిట్టినారు, ఊరి మనుషులే వాళ్ళను నోట్లో పెట్టుకుని మోసినారు. కన్నడ పాఠ్యపుస్తకంలో సర్వజ్ఞుడి వచనం చదివిన రోజు, దానికి దగ్గరి అర్థమున్న వేమన పద్యం ఇంట్లో ఎవరికైనా వస్తుందేమో అడిగి రమ్మంటాను. ఎక్కువసార్లు తాతలు దొరుకుతారు. వేమన మీద మనసుపెట్టి మాట్లాడిన రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ గారు 1893లో పుట్టింది మా పక్క కళ్యాణదుర్గం సీమలోని రాళ్ళపల్లిలో. దశాబ్దాల పాటు ఆయన మైసూరు మహారాజా కాలేజీలో తెలుగు చెప్పినారు, తెలుగులోనూ కన్నడంలోనూ రాసినారు. ఇలాంటివారు ఇప్పుడెందుకు పుట్టరని సభల్లో అడుగుతుంటారు. ఎట్లా పుడతారు, పిల్లకు రెండో భాషలో ఒక్క పుస్తకం కూడా చేతికివ్వకుండా?

చందమామ గురించి చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. 1947 జూలైలో తెలుగు, తమిళ సంచికలు మొదలైనాయి, కన్నడం ఆ తర్వాత చేరింది. తెలుగులోనూ కన్నడంలోనూ పేరు చందమామే. అదే కథ, అవే బొమ్మలు. శంకర్ గీసిన బేతాళుడు తెలుగు సంచికలోనూ విక్రమార్కుడి భుజంమీదే, కన్నడ సంచికలోనూ అక్కడే. నేను పాత పుస్తకాల దుకాణాల్లో వెతికి రెండు భాషల్లోనూ ఒకే కథ ఉన్న సంచికలు కొన్ని జతచేసి పెట్టుకున్నాను. ఒక పిల్లకు కన్నడ సంచిక, పక్క పిల్లకు తెలుగు సంచిక ఇచ్చి, బొమ్మ చూసుకుంటూ ఎవరి భాషలో వాళ్ళను చదవమంటాను. తెలుగు చేతికొచ్చిన పిల్ల ముందు బొమ్మ చదువుతుంది, తర్వాత పక్కపిల్ల చదివింది వింటుంది, ఆ తర్వాత 'ఇక్కడ రాజు అని రాసినట్టుంది' అంటుంది. నిజంగానే రాజు అనే రాసి ఉంటుంది. చందమామను నడిపిన నాగిరెడ్డి, చక్రపాణి గార్లు మా పావగడను దృష్టిలో పెట్టుకుని ఆ పని చేసి ఉండరు, కానీ మాకు కావాల్సిన పుస్తకం ఎట్లుండాలో డెబ్బై ఏళ్ళ కిందే చూపించి పోయినారు. ఆ కాగితాలు ఇప్పుడు ముట్టుకుంటే విరుగుతున్నాయి. కొత్త సంచికలు లేవు.

సంక్రాంతి తర్వాత ఐదో తరగతికి టోటోచాన్ వినిపిస్తాను. తెత్సుకో కురొయనాగి జపాన్‌లో 1981లో రాసిన ఈ పుస్తకం కన్నడంలో ఉంది, తెలుగులో 'రైలుబడి'గా ఉంది. రోజూ ఒక ముక్క, ఒకరోజు ఆ భాష, ఒకరోజు ఈ భాష. దీని గురించి ఎక్కువ చెప్పను, మీ అందరికీ తెలుసు.

ఇంతే నా జాబితా. జాగ్రత్తగా చూడండి, ఇందులో మా పిల్లలు తమంత తాము తెలుగులో చదివే పుస్తకం ఒక్కటీ లేదు. విరిగిపోయే చందమామలు తప్ప. మిగతా చోట్ల తెలుగు అవ్వల నోటినుంచో, నా నోటినుంచో వస్తోంది. ఇదే నేను చెప్పిన ఖాళీ.

మంచి పుస్తకం వారి చిన్న పుస్తకాలు కొన్ని మా గదిలో ఉన్నాయి. ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్‌లో ఒకే కథ కన్నడంలోనూ తెలుగులోనూ ఉచితంగా దొరుకుతుంది, రెండూ ప్రింటు తీసి కలిపి కుట్టుకుంటాం. అందుకు వారికి దండం. అయితే తెలుగులో రెండు భాషల పుస్తకం అంటే ఎక్కువగా తెలుగు-ఇంగ్లీషే. తెలుగు-కన్నడం ఎదురెదురు పేజీల్లో ఉన్న పిల్లల పుస్తకం ఇప్పటిదాకా నా చేతికి రాలేదు. పక్కపక్క రాష్ట్రాలు, అక్కచెల్లెళ్ళ లిపులు, అయినా రెండింటికీ మధ్య ఒక ఇంగ్లీషు గోడ.

అందుచేత నా మొదటి కోరిక మీలో కొందరికి కోపం తెప్పిస్తుందని తెలిసే అడుగుతున్నాను. మా పిల్లల తెలుగును కన్నడ లిపిలో అచ్చువేయండి. ఎడమ పేజీలో తెలుగు వాక్యం కన్నడ అక్షరాల్లో, కుడి పేజీలో అదే వాక్యం తెలుగు అక్షరాల్లో. వరసకు వరస సరిగ్గా ఎదురుగా రావాలి. పదహారు పేజీలు చాలు, పెద్ద అక్షరాలు, రెండు పేజీలకూ కలిపి ఒకే బొమ్మ. చివర్లో రెండు లిపుల అక్షరాలు పక్కపక్కన ఒక పేజీ. నాలుగో తరగతి పిల్ల ఎడమ పేజీ తానే చదివి, మొదటిసారి తన ఇంటి మాటను కాగితంమీద చూస్తుంది. పది పుస్తకాలు అయ్యేసరికి చూపు కుడి పేజీకి తానే పోతుంది. తెలుగు అక్షరాలు వేరే నేర్పాల్సిన పని ఉండదు, నాకు దానికి పీరియడూ లేదు.

తెలుగును ఇంకో లిపిలో రాయడమేంటి, భాషకు అవమానం కాదా అంటారని ఊహిస్తున్నాను. మీ ఇంట్లో పిల్లకు సంగీతం నేర్పించి ఉంటే మొదట పిళ్ళారి గీతాలు పాడించి ఉంటారు. పురందరదాసు రాసిన కన్నడ గీతాలు అవి. మీ పిల్ల వాటిని తెలుగు అక్షరాల్లోనే చదువుకుంది, కన్నడానికి ఏ అవమానమూ జరగలేదు. అటు మైసూరులో, బెంగళూరులో పిల్లలు త్యాగరాజు తెలుగు కృతులను కన్నడ అక్షరాల్లో రాసుకుని పాడుతున్నారు, తంజావూరు పక్క తమిళ అక్షరాల్లో పాడుతున్నారు. త్యాగరాజు చిన్నబోయినట్టు ఎవరూ చెప్పలేదు. ఇంకా దగ్గరి సంగతి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో సవర, కోయ, కువి, గోండి, లంబాడీ లాంటి ఎనిమిది భాషల పిల్లలకు ఇంటి భాషలో చదువు మొదలుపెట్టినప్పుడు వాచకాలు తెలుగు లిపిలోనే వేసినారు. పిల్లకు దగ్గరున్న లిపి తెలుగు కాబట్టి అక్కడ అది న్యాయమైంది. మా పిల్లకు దగ్గరున్న లిపి కన్నడం. అదే న్యాయం ఇక్కడా వర్తించాలి.

రెండో కోరిక మాట గురించి. తెలుగులో వచ్చే పిల్లల కథల్లో ఏరు నిండుగా పారుతుంటుంది, పడవలు పోతుంటాయి, వరిచేలు పచ్చగా ఉంటాయి. చూడముచ్చటగానే ఉంటుంది. మా పెన్న నాగలమడికె దగ్గర ఇసుకలో నడుస్తుంది. మా పిల్లలు సంగటి తింటారు, చెనక్కాయలు ఒలుస్తారు. 'చదవడానికి' అనరు, 'చదివేకి' అంటారు. పుస్తకంలో తాము పలికే రూపం కనబడకపోతే, వాళ్ళకు అది ఇంకో పరీక్ష భాష అవుతుంది. సీమ మాటలో పిల్లల బతుకు రాయలేమా అంటే, నామిని 'సినబ్బ కతలు', 'ఇస్కూలు పిలకాయ కత' రాసి చాలా ఏళ్ళైంది. చిత్తూరు మాట పుస్తకమైనప్పుడు అనంతపురం-పావగడ మాట ఎందుకు కాకూడదు? మా దగ్గర కథలకు కొదవ లేదు. సోలార్ ప్యానెళ్ళు కడిగే పనికి పోయే అమ్మ కథ రాయండి. మేకలు మేపేకి జాగా పోయిన తాత కథ రాయండి. నడి ఏడాదిలో బెంగళూరుకు పోయి, అక్కడ ఏ బళ్ళోనూ చేరకుండా ఉగాదికి తిరిగొచ్చిన పిల్లోడి కథ రాయండి. నిడగల్లు కోట దయ్యాల కథలు మా పిల్లలే చెప్తారు, మీరు రాసుకోవడమే ఆలస్యం.

ఇవి అమ్ముడుపోతాయా అని ప్రచురణకర్తలు అడుగుతారు. పావగడ ఒక్కటే కాదు కదా. బాగేపల్లి, చింతామణి, శ్రీనివాసపురం, ముళబాగిలు, బళ్ళారి పక్క, బెంగళూరులో ఎన్నో పేటలు, అన్నిచోట్లా తెలుగు ఇంట్లో పుట్టి కన్నడ బళ్ళో చదివే పిల్లలున్నారు. గీతకు అటుపక్క మడకశిర, అమరాపురం, రొళ్ళ, డి.హీరేహాళ్ మండలాల్లో కన్నడం మాట్లాడే ఊళ్ళున్నాయి. అక్కడ దశాబ్దాలుగా ఆంధ్ర ప్రభుత్వమే కన్నడ మాధ్యమ బడులు నడిపింది. వాళ్ళకు ఇదే పుస్తకాన్ని తిప్పి వేయండి, కన్నడ కథ తెలుగు అక్షరాల్లో ఎడమపక్క, కన్నడ అక్షరాల్లో కుడిపక్క. బొమ్మలు మళ్ళీ గీయనక్కరలేదు. చందమామ లెక్క అదే కదా.

పుస్తకాలు ఎక్కడికి చేరాలో కూడా చెప్తాను. కర్ణాటకలో గ్రామ పంచాయతీకి ఒక గ్రంథాలయం ఉంది, ఇప్పుడు అరివు కేంద్రం అంటున్నారు. 2020లో 'ఓదువ బెళకు' కార్యక్రమం కింద ఆరు నుంచి పద్దెనిమిదేళ్ళ పిల్లలకు ఉచిత సభ్యత్వం ఇచ్చినారు. మా తాలూకా పంచాయతీల్లో కన్నడ పుస్తకాల అలమరా ఉంది. పక్కన ఒక అర ఖాళీ చేయించే పూచీ నాది, నాలాంటి టీచర్లది. ఉచితంగా పంపమని అడగడం లేదు. ధర తక్కువ పెట్టండి, బడి గ్రాంటులో, దాతల దగ్గర డబ్బు పోగుచేసి కొంటాం.

ఇంకొక్క మాట, అపార్థం రాకుండా. నేను తెలుగు మాధ్యమం అడగడం లేదు. తల్లిభాషలో ప్రాథమిక విద్యకు వీలు కల్పించాలని రాజ్యాంగంలో 350ఎ అధికరణం 1956 నుంచి ఉంది, దాని గురించి పోరాడేవాళ్ళు వేరే ఉన్నారు, వాళ్ళంటే గౌరవమే. నా పిల్లలు కన్నడ దేశంలో బతుకుతారు, కన్నడంలో అర్జీ రాస్తారు, కన్నడంలో ఉద్యోగం అడుగుతారు. వాళ్ళ కన్నడం గట్టిపడాలనే నేను తెలుగు పుస్తకం అడుగుతున్నాను. కథ అర్థం చేసుకుని చదవడం ఏదో ఒక భాషలో అలవాటైన పిల్ల, రెండో భాషలోనూ అర్థం కోసం వెతుకుతుంది. ఉట్టి గొంతుతో చదవడం అలవాటైన పిల్ల రెండింట్లోనూ గొంతుతోనే చదువుతుంది. ఇది పెద్ద పరిశోధనేం కాదు, నాలుగో తరగతిలో ఒక నెల కూర్చుంటే ఎవరికైనా కనబడుతుంది.

మీలో ఎవరైనా ఈ పని మొదలుపెడితే, అచ్చుకు పోకముందు కథను మాకు పంపండి. పిల్లలకు చదివి వినిపించి, ఏ మాట దగ్గర నవ్వినారో, ఏ మాట దగ్గర ఆవులించినారో రాసి పంపుతాం. మా అవ్వల పులి కథ అచ్చువేయాలనుకుంటే అది ఇప్పుడే సిద్ధంగా ఉంది, అవ్వలు చెప్పింది చెప్పినట్టు రాసి పెట్టుకున్నాను, బొమ్మలు వేసేవారు దొరికితే చాలు. వచ్చే జూన్‌లో బడి తెరిచేలోగా ఒక్క పుస్తకం, పదహారు పేజీలది, మా చేతికి అందేటట్టు చూడండి.

ఇట్లు,
కన్నడ బళ్ళో పనిచేసే ఒక తెలుగు టీచరమ్మ,
పావగడ తాలూకా, తుమకూరు జిల్లా.